బంతి దొర్లితే బాకీ తీరునా?

మూతబడ్డ సినిమా హాలు ఎన్ని వేషాలు వేస్తుందో మీరెప్పుడైనా గమనించారా? తెలంగాణలో ఏ ఊరికి వెళ్లినా కనబడుతుంది. నిన్నటిదాకా హీరోగారి కటౌటుకు పాలాభిషేకం జరిగిన చోట ఇవాళ ఫంక్షన్ హాలు. మ్యాట్నీ టిక్కెట్ల కోసం చొక్కాలు చింపుకున్న సందులో సూపర్ మార్కెట్టు. కొన్నిచోట్ల వడ్ల బస్తాల గోడౌను. ఏ వేషమూ దొరకని హాలుకేమో గేటుకి తాళం, గోడ మీద వెలిసిపోయిన పోస్టరు, ఆ పోస్టరు మీద ట్యుటోరియల్ వాళ్ల ప్రకటన!

ఈ వేషాల జాబితాకి మా బావ ఈమధ్య ఇంకొకటి చేర్చాడు. బౌలింగ్ ఆలీ.

క్రికెట్ బౌలింగ్ అనుకునేరు. కాదు. నున్నటి చెక్కబాట మీద బరువైన బంతిని దొర్లించి, ఆ చివర త్రికోణంగా నిలబెట్టిన పది పిన్నుల్ని పడగొట్టే ఆట. ఇంగ్లీషు సినిమాలు చూసేవాళ్లకి చెప్పక్కర్లేదు. 1998లో వచ్చిన 'ది బిగ్ లెబౌస్కీ'లో హీరోగారికి వేరే పనీపాటా ఉండదు, ఉన్నదల్లా ఈ ఆటే. 2007 నాటి 'దేర్ విల్ బి బ్లడ్' ఆఖరి ఘట్టం జరిగేది కూడా ఇంట్లో కట్టుకున్న బౌలింగ్ గదిలోనే. అమెరికా అధ్యక్షుడి వైట్‌హౌస్‌లో 1947లోనే ట్రూమన్ హయాంలో ఈ బాటలు వేశారు. డాలస్‌లో ఉద్యోగం చేసే బావ తమ్ముడు శనివారం వచ్చిందంటే ఆఫీసు స్నేహితులతో వెళ్లి ఆడుతాడు, వీడియోలు తీసి పంపుతాడు. ఆ వీడియోలే బావ బుర్రలో పురుగును దొలిపించాయి.

"బామ్మర్దీ, మన భువనగిరిల గిసుంటిది ఒక్కటన్న ఉన్నదా? లేదు. అంటే పోటీ లేదన్నట్టు. గా మూతబడ్డ టాకీసు నెలకు అరవై వేలకు కిరాయికిస్తనంటున్నడు. నువ్వు బీకాం చదివినవు గదా, జర లెక్కలు రాసియ్యి," అన్నాడు.

వంటింట్లోంచి అక్క వినే ఉంది. "ఉన్న ఆలి సాలదా మీ బావకు? ఇప్పుడు బౌలింగ్ ఆలి కావాల్నంటనా?" అంది. అందరం నవ్వాం. బావ కూడా నవ్వాడుగానీ, ఆ నవ్వు ఆట్టే సేపు లేదు. ఎందుకంటే వ్యవహారం నవ్వులాటది కాదు. రెండెకరాలు అమ్మగా వచ్చిన డబ్బులో 70 లక్షలు మిగిలి ఉన్నాయి. ఇంకో 70 లక్షలు బ్యాంకు అప్పు కావాలి. అప్పుకి హామీ, ఇంటి కాగితాలు. వాళ్లమ్మాయి ఇంటర్ రెండో ఏడు. వచ్చే ఏడు ఏ కాలేజీలో చేరినా ఫీజు లక్షల్లోనే.

నేను పత్రికలకు రాసుకు బతికేవాణ్ని. ఏ నెల ఎంత వస్తుందో నాకే తెలియని వృత్తి. అలాంటి వాడి చేతికి కోటిన్నర లెక్క అప్పగించారంటే మా ఇంట్లో బీకాం డిగ్రీకి ఎంత పరపతి ఉందో చూడండి!

సరే, మొదట హాలు చూడడానికి వెళ్లాం. తాళం తీసింది ఆ హాల్లో ముప్ఫై ఏళ్లు బుకింగు క్లర్కుగా చేసిన పెద్దాయన. ఇప్పుడు కాపలా కూడా ఆయనే. లోపల కుర్చీలు ఎప్పుడో అమ్మేశారు. గబ్బిలాల వాసన. తెర ఉండాల్సిన చోట ఖాళీ చట్రం. ఇదే హాల్లో నేను బెంచీ టిక్కెట్టుకి వెళ్లి, చీకటిపడ్డాక చల్లగా కుర్చీ క్లాసులోకి జారుకున్న రోజులున్నాయి. క్లర్కుగారు అది చూసీచూడనట్టు ఊరుకునేవారని ఇన్నేళ్ల తర్వాత ఆయనే చెప్పారు.

బావ తప్పుగా ఎంచుకోలేదు. బౌలింగుకీ సినిమాకీ ఒకే రకం కట్టడం కావాలి: మధ్యలో స్తంభాలుండకూడదు. బంతి వదిలే గీత నుంచి మొదటి పిన్ను దాకా 60 అడుగులు. గీతకి ఇవతల పరుగు తీయడానికి కనీసం 15 అడుగులు. పిన్నుల వెనక వాటిని ఎత్తి నిలబెట్టే యంత్రం, దాని వెనక మెకానిక్కు నడిచే జాగా. ఇవతల కూర్చునే కుర్చీలు, క్యాంటీను. అంతా కలిపి వంద అడుగుల పొడవు కావాలి. బాట వెడల్పు మూడున్నర అడుగులే కాబట్టి నాలుగు బాటలు ఒక మోస్తరు హాల్లో సులువుగా పడతాయి. బాటని లేన్ అంటారు లెండి, ఇకనుంచి మనమూ అలాగే అందాం.

అయితే ఒక చిక్కు. సినిమా హాలు నేల వాలుగా ఉంటుంది, ముందు కూర్చున్నవాడి తల అడ్డం రాకుండా. లేనుకి ఆ వాలు పనికిరాదు. అది ఎంత చదునుగా ఉండాలంటే, ఎక్కువ తక్కువలు మిల్లీమీటరు మించకూడదు! అంటే ముందు ఆ వాలంతా పూడ్చి గచ్చు చేయాలి. ఆ పైన చెక్క చట్రం, ఆ పైన లేను. ఇవన్నీ అయ్యాక ఏసీ. పాత హాళ్లలో ఫ్యాన్లు తిరిగితే చాలనుకున్నారు జనం. బంతాడేవాడు చెమటలు కక్కుతూ ఆడడు.

ఇద్దరం కూర్చుని అంకెలు వేసుకున్నాం. ఇవి మా కాగితం మీది అంకెలు, మీ ఊళ్లో మీరు వేసుకుంటే వేరే రావచ్చు. లేనుకి 25 లక్షల చొప్పున నాలుగింటికి కోటి. నేల, ఏసీ, కరెంటు పని, క్యాంటీను, బాత్‌రూములు, బూట్లు అన్నీ కలిపి 40 లక్షలు. మొత్తం కోటీ నలభై లక్షలు.

బూట్లంటే గుర్తొచ్చింది. ఈ ఆట మామూలు చెప్పులతో ఆడనివ్వరు, నేల పాడవుతుందని. వాళ్ల బూట్లే తొడుక్కోవాలి. మనవాళ్లకి కొత్తేం కాదు, గుడికి వెళ్తే చెప్పులు విడిచి టోకెను తీసుకోవడం అలవాటే. కానీ ఒకడు విడిచిన బూట్లు ఇంకొకడు తొడుక్కోవాలంటే మేజోళ్లమ్మాలి, మందు చల్లాలి. అది కూడా ఖర్చుల్లోకే పోతుంది. లేను మీద రోజూ నూనె పూయాలి. అరిగిన పిన్నులు మార్చాలి. పిన్ను బరువు కిలోన్నర, బంతి ఏడు కిలోల దాకా ఉంటుంది. రోజంతా ఇవి ఒకదాన్నొకటి కొట్టుకుంటూ ఉంటే ఏది మాత్రం ఎన్నాళ్లు నిలుస్తుంది?

నెల ఖర్చు ఇలా తేలింది. కిరాయి 60,000. కరెంటు 50,000. మెకానిక్కుకి 25,000. ముగ్గురు పనివాళ్లకి 36,000. ఊడ్చి తుడిచే మనిషికి 8,000. నూనె, పిన్నులు, మరమ్మతులకి 15,000. మొత్తం 1,94,000. దీనిమీద 70 లక్షల అప్పుకి 11 శాతం లెక్కన వడ్డీ నెలకి 64,000. అసలు జోలికి పోలేదు సుమా! వడ్డీతో కలిపి 2,58,000. ఒక్క బంతి దొర్లకపోయినా కట్టాల్సిన సొమ్మిది.

ఈ అంకె చెప్పగానే క్లర్కుగారు నవ్వారు. "ఇది శ్లాబు సిస్టమే గదా!" అన్నారు.

మీలో చాలామంది పుట్టక ముందు సంగతి కాబట్టి రెండు ముక్కలు చెప్పాలి. ఒకప్పుడు వినోదపు పన్ను అమ్మిన టిక్కెట్టు మీద ఉండేది. వందమంది వస్తే వందమంది మీద పన్ను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆ లెక్క మారి, 1984లో శ్లాబు పద్ధతి స్థిరపడింది. ఊరి స్థాయిని బట్టి, హాలు రకాన్ని బట్టి, హాలు నిండితే ఎంత వస్తుందో దాని మీద పన్ను కట్టాలి. లోపల ఎంతమంది కూర్చున్నారన్నది ప్రభుత్వానికి అనవసరం. హౌస్‌ఫుల్ అయితే హాలు యజమానికి పండగ. ఈగలు తోలుకున్నా పన్ను పన్నే. దీనిమీద థియేటర్ల వాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. వెంకటేశ్వర థియేటర్ కేసులో 1993లో, ఆ పద్ధతి చెల్లుతుందనే తీర్పు వచ్చింది.

"మొదటి వారం అందరు చూస్తరు సార్. హాలు బతికేది దాంతోని కాదు. మూడో వారం మంగళవారం మ్యాట్నీకి ఎంతమంది కూసున్నరో అడగాలె," అన్నారాయన.

నేను సినిమా వ్యాసాలు రాయడం మొదలెట్టి పదేళ్లయింది. ఎందరో పంపిణీదార్లతో మాట్లాడాను. ఇంత తేలిగ్గా సినిమా హాలు వ్యాపారాన్ని విప్పి చెప్పినవాళ్లు లేరు. ఆ మంగళవారమే మా లెక్కకి కూడా కీలకమని నాకప్పుడే తట్టింది.

ఒక లేను మీద గంటకి అయిదు ఆటలు పడతాయనుకుందాం. ఒక మనిషి ఒక ఆట ముగించడానికి పది పన్నెండు నిమిషాలు పడుతుంది కాబట్టి. పొద్దున 11 నుంచి రాత్రి 10 దాకా 11 గంటలు. నాలుగు లేన్ల మీద రోజుకి 220 ఆటలు. అది హౌస్‌ఫుల్ బోర్డన్నమాట.

ఆటకి ఎంత పెట్టాలి? బావ 200 అన్నాడు. హైదరాబాదు మాల్‌లో ఇస్తున్నారు కదా అని. నేను ఒప్పుకోలేదు. సినిమా టిక్కెట్టు మనిషిని రెండున్నర గంటలు కూర్చోబెడుతుంది, ఏడిపిస్తుంది, ఈల వేయిస్తుంది. ఇది పదినిమిషాల్లో అయిపోయే ఆట. మన ఊళ్లో కుర్రాడి జేబులోంచి 100 కంటే ఎక్కువ రాదు. అందులో 18 శాతం జీఎస్టీ పోగా చేతికొచ్చేది 85 రూపాయలు. పాపం సినిమా హాళ్లని ఈ ఒక్క విషయంలో ప్రభుత్వం కరుణించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి 100 రూపాయలు, ఆ లోపు టిక్కెట్టు మీద జీఎస్టీ 5 శాతమే.

ఇక జనం. శని, ఆదివారాల్లో రోజుకి 120 ఆటలు. మిగతా అయిదు రోజులు రోజుకి 30. వారానికి 390, నెలకి సుమారు 1,700. ఒక్కో ఆటకి 85 చొప్పున 1,44,500. కట్టాల్సింది 2,58,000. తరుగు 1,13,500!

బావ ముఖం చూస్తే జాలేసింది. "క్యాంటీను మర్చిపోయినవ్," అన్నాడు. నిజమే. సినిమా హాలుకి పాప్‌కార్న్ ఎంతో దీనికి క్యాంటీను అంత. ఆటకి 20 రూపాయలు సమోసాల మీద, టీ మీద మిగిలిందనుకుందాం. అప్పుడు ఆటకి 105. రాబడి 1,78,500. తరుగు ఇంకా దాదాపు 80,000.

"శనాదివారాలు 120 తక్కువ రాసినవ్. ఖిల్లా ఎక్కడానికి హైదరాబాదు నుంచి ఎంతమంది వస్తున్నరో చూస్తలేవా? గుట్టకు పోయేటోళ్లు ఎంతమంది?"

ఆ మాటలో నిజం లేకపోలేదు. మా ఊరి ఏకశిల ఆదివారం పొద్దున్న చూస్తే చీమలబారులా ఉంటుంది. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కొండెక్కడం నేర్చుకున్నది ఈ బండ మీదే. 2022 మార్చిలో యాదగిరిగుట్ట ఆలయం కొత్త కట్టడంతో తెరుచుకున్నాక వరంగల్ రోడ్డు మీద కార్ల వరస ఇంతా అంతా కాదు. కానీ మా చిన్నమ్మ ఒక్క ప్రశ్నతో ఆ వరసని ఆపేసింది: "నర్సింహస్వామి దర్శనం చేసుకొని, పులిహోర ప్రసాదం కట్టుకొని, పిల్లజెల్లతోని ఇంటికి పోయేటోళ్లు నడుమ దిగి బంతులాడ్తరా బిడ్డా?"

ఎవరైనా ఒకరిద్దరు ఆడతారేమో. అదీ ఆదివారమే. ఆదివారం ఎలాగూ నిండుతుంది. మా బాధంతా మంగళవారంతో!

అందుకని ఒక పని చేశాం. బావ అంతకు ముందు హైదరాబాదులో బౌలింగ్ చూసింది ఆదివారం సాయంత్రం. ఈసారి మంగళవారం మధ్యాహ్నం వెళ్దామన్నాను. ఒక పెద్ద మాల్‌లో ఎనిమిది లేన్లున్న చోటికి వెళ్లి, రెండు టీలు చెప్పుకుని, రెండింటి నుంచి అయిదింటి దాకా కూర్చున్నాం. నేను కాగితం మీద గీతలు పెట్టాను. మొదటి గంట ఒక్క బంతీ దొర్లలేదు. లైట్లు వెలుగుతున్నాయి, పాటలు మోగుతున్నాయి, ఏసీకి నాకు వణుకొస్తోంది. మూడు దాటాక కాలేజీ పిల్లలు అయిదుగురు వచ్చారు. వాళ్లు ఆడిందానికన్నా ఫొటోలు దిగింది ఎక్కువ. నాలుగున్నరకి ఒక పుట్టినరోజు బృందం. మొత్తం 23 గీతలు. ఆ మూడు గంటల్లో ఆ ఎనిమిది లేన్ల మీద 120 ఆటలు పడొచ్చు.

బావ టీ కప్పులోకి చూస్తూ, "వీళ్లు ఎట్ల బతుకుతున్నరు?" అన్నాడు.

మాల్ వాళ్ల లెక్క వేరు. జనాన్ని మాల్‌లోకి లాగడానికి ఆట ఒక ఎర. అయినా పెద్దవాళ్లంతా సుఖంగా ఉన్నారనుకోకండి. మీకందరికీ తెలిసిన పీవీఆర్ సినిమా కంపెనీ, థాయిలాండులో సినిమా హాళ్లతో పాటు బౌలింగు కూడా నడిపే మేజర్ సినీప్లెక్స్‌తో కలిసి 'బ్లూఓ' అని పెట్టింది. 2009లో గుర్‌గావ్‌లో 24 లేన్లతో మొదలైంది. సినిమాకొచ్చినవాడు బంతి ఆడి పోతాడని ఆశ. 2016 చివర్లో ఆ వ్యాపారాన్ని 86 కోట్లకి స్మాష్ అనే కంపెనీకి అమ్మడానికి ఒప్పుకుంది. స్మాష్‌కి సచిన్ టెండూల్కర్ అండ కూడా ఉండేది. తర్వాత కరోనా వచ్చింది. 2022 నాటికి స్మాష్ దివాలా వ్యవహారం కంపెనీ లా ట్రిబ్యునల్‌కెక్కింది. 2025లో నజారా అనే ఆటల కంపెనీ 126 కోట్లకి దాన్ని తీసుకుంది. సచిన్ పేరున్నా బంతి గట్టర్‌లో పడిందన్నమాట! (గట్టరంటే లేనుకి అటూ ఇటూ ఉండే కాలవ. అందులో పడితే సున్నా.)

అమెరికా కథ ఇంకా పెద్దది. పూర్వం పడ్డ పిన్నుల్ని కుర్రాళ్లు చేత్తో ఎత్తి నిలబెట్టేవారు, మన టూరింగు టాకీసులో రీళ్ల డబ్బాలు మోసే కుర్రాళ్లలాగే. 1946లో ఏఎంఎఫ్ కంపెనీ పిన్నుల్ని తనంతట తానే నిలబెట్టే యంత్రం ప్రదర్శించింది. 1950లలో అది ఊరూరా పాకి, బౌలింగు హాళ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అదే ఏఎంఎఫ్‌ని 1996లో గోల్డ్‌మన్ శాక్స్ వాళ్ల బృందం 137 కోట్ల డాలర్లు పోసి కొన్నది. అయిదేళ్లు దాటీదాటగానే, 2001లో దివాలా అర్జీ! చైనాలో గిరాకీ పెరుగుతూనే ఉంటుందని ఆశపడ్డారు. అక్కడ ఒకణ్ని చూసి ఒకడు హాళ్లు కట్టేసి, చివరికి ధరలు పడగొట్టుకున్నారు. మా ఊళ్లో ఒక బిర్యానీ పాయింటు నడిస్తే నాలుగు నెలల్లో ఆ వరసలో ఏడు బిర్యానీ పాయింట్లు రావడం లేదూ? మనుషులు ఎక్కడైనా ఒకటే.

మరి 1950ల నుంచి అన్ని దశాబ్దాలు అమెరికాలో చిన్న చిన్న ఊళ్ల హాళ్లు ఎలా నడిచాయి? వాళ్లకీ మంగళవారాలు వచ్చాయి కదా!

దీనికి జవాబు నాకు వ్యాపారం పుస్తకంలో దొరకలేదు. రాబర్ట్ పుట్నమ్ అనే రాజనీతిశాస్త్రం పండితుడు 2000లో 'బౌలింగ్ అలోన్' అని ఒక పుస్తకం రాశాడు. ఒంటరిగా బౌలింగ్ ఆడడమని అర్థం. ఆయన చూపించిన అంకెలు వింతగా ఉంటాయి. 1980 నుంచి 1993 దాకా అమెరికాలో బౌలింగ్ ఆడేవాళ్లు పదిశాతం పెరిగారు. కానీ లీగుల్లో ఆడేవాళ్లు నలభై శాతం తగ్గారు. ఆడేవాళ్లు పెరిగితే హాలు యజమాని సంతోషించాలి కదా? లేదు, బెంగపెట్టుకున్నాడు. లీగంటే జట్టు. ఫ్యాక్టరీ వాళ్ల జట్టు, పోస్టాఫీసు వాళ్ల జట్టు, చర్చి వాళ్ల జట్టు. సీజనంతా వారానికో రాత్రి, అదే రోజు, అదే వేళకి వస్తారు. కూర్చుంటారు, ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటారు, తింటారు, తాగుతారు. ఒంటరిగా వచ్చినవాడికంటే మూడు రెట్లు తింటారట. హాలు వాడికి డబ్బు మిగిలేది బంతి మీద, బూట్ల మీద కాదు, ఆ తిండి మీద. వాన పడినా, కొత్త సినిమా వచ్చినా మంగళవారం వాళ్లది.

సినిమా హాలుకి ఈ పని ఎవరు చేసేవారు? ప్రతి శుక్రవారం కొత్త బొమ్మ చేసేది. అభిమాన సంఘాలు చేసేవి. బొమ్మ మారితే జనం మారకుండా వస్తారు. బొమ్మ లేకపోతే ఏమవుతుందో 2024 మేలో చూశాం. ఎన్నికల రోజుల్లో పెద్ద సినిమాలు లేక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్ హాళ్లని మే 17 నుంచి పది రోజులు మూసేశారు. ఆడించే ఖర్చు కంటే మూసిపెట్టే ఖర్చు తక్కువని! బౌలింగుకి శుక్రవారం కొత్త బొమ్మ రాదు. ఆ పది పిన్నులే, ఆ అరవై అడుగులే, ఇవాళా రేపూ. మళ్లీ రావడానికి మనిషికి పిన్నులు కాదు, తోటి మనిషే కారణం కావాలి.

ఇది చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తన వైపు లాక్కుని తనే లెక్క వేశాడు. బీకాం చదవకపోయినా ఆయన లెక్క నాకన్నా వేగం.

సోమవారం నుంచి గురువారం దాకా నాలుగు రాత్రులు లీగు. ఒక్కో రాత్రి నాలుగు జట్లు, లేనుకి ఒకటి. జట్టుకి నలుగురు. ఒక్కొక్కరు మూడు ఆటలు. రాత్రికి 48 ఆటలు, ఏడింటికి మొదలుపెడితే తొమ్మిదిన్నరకి అయిపోతుంది. నాలుగు రాత్రులకి 192. పాత 390తో కలిపితే వారానికి 582. నెలకి దాదాపు 2,520 ఆటలు. 105 చొప్పున 2,64,600. ఖర్చు, వడ్డీ పోను 6,600 మిగులు!

"చూసినవా! గట్టెక్కింది!" అని బల్ల చరిచాడు.

అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి కాగితం చూసింది. "డెబ్బై లక్షలు బ్యాంకుల ఏస్తె నెలకెంతొస్తది?" అంది. ఏడు శాతం లెక్కన 40,000 పైన వస్తుందన్నాను. "కూసున్న కాడికి నలభై వేలు వచ్చేది ఇడిసిపెట్టి, ఇంటి కాగితాలు బ్యాంకుల పెట్టి, రాత్రి పదింటి దాంక నిలబడి ఆరువేల ఆరొందలు సంపాయిస్తడా? అసలు అప్పు ఎవరు కడ్తరు?"

నేను రాసిన నాలుగు పేజీల లెక్క ఆమె మూడు వాక్యాల్లో ముగించింది. ఇంతకీ ఆమె డిగ్రీ కూడా చదవలేదు.

బావ అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. మర్నాడే ఫోనులో ఇంకో వీడియో చూపించాడు. పిన్నుల తలలకి తాళ్లు కట్టి, పడగానే పైకి లాగి నిలబెట్టే యంత్రం. పాత యంత్రం కన్నా చౌక, కరెంటు తక్కువ తాగుతుంది, దానికి పెద్ద మెకానిక్కు అక్కర్లేదు. తాళ్ల పిన్నుల ఆటని అసలు ఆటగా ఒప్పుకోమని భీష్మించుకున్న అమెరికా బౌలింగ్ సంఘం కూడా 2023లో దాన్ని విడి తరగతిగా గుర్తించింది. అప్పు సగానికి తగ్గొచ్చు. రెండు లేన్లతో మొదలుపెడితే ఇంకా తగ్గుతుంది. ఇవన్నీ మంచి మాటలే. కానీ తాళ్లు కట్టినా కట్టకపోయినా మంగళవారం మంగళవారమే. నాలుగు రాత్రులు, రాత్రికి పదహారు మంది. మొత్తం 64 మంది కావాలి, ఒక్కొక్కరు వారానికి 300 పెట్టగలవాళ్లు. మన ఊళ్లో వాళ్లున్నారా?

ఇది కాగితం మీద తేలే ప్రశ్న కాదు. యంత్రం కొనకముందే జట్లని పోగుచెయ్యమన్నాను. సినిమా మొదలుపెట్టకముందే అడ్వాన్సులిచ్చి పంపిణీ హక్కులు కొనుక్కునే పద్ధతి మన చిత్రసీమలో కొత్త కాదు కదా! అడ్వాన్సులు రాకపోతే బొమ్మ ఆగేది. ఇదీ అంతే. 64 మంది ఒక్క వారం డబ్బు ముందే ఇస్తే అప్పుడు బ్యాంకు గడప తొక్కుదాం, లేకపోతే లేదు.

బావ ఒక నోటుబుక్కు కొన్నాడు. ఇప్పుడు సాయంత్రమైతే స్కూటరు మీద ఊరంతా తిరుగుతున్నాడు. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, బీబీనగర్ ఎయిమ్స్‌లో పనిచేసే కుర్రాళ్లు, పోచంపల్లి చీరల కొట్ల వాళ్లు, మెడికల్ షాపుల సంఘం... ఎవర్నీ వదలడం లేదు. కొందరు ఆట ఏమిటని అడుగుతారు. బావ రోడ్డు మీదే వంగి, చెయ్యి వెనక్కి లాగి, లేని బంతిని దొర్లించి చూపిస్తాడు. చూసేవాళ్లు గుమిగూడతారు. పేరు రాసుకోమంటే మాత్రం, "పెట్టినంక జూద్దాం తియ్యన్నా," అంటారు.

క్లర్కుగారు తన పేరు రాయించుకున్నారు. పిన్నులు పడగొట్టడానికి కాదట, లోపల కూర్చోడానికి. ఆ హాలు దీపాలు వెలిగితే మళ్లీ కౌంటరులో తానే కూర్చుంటానని బావ దగ్గర మాట తీసుకున్నారు.

మూడు వారాలయ్యాయి. నేనిది రాస్తున్న రోజుకి నోటుబుక్కులో 19 పేర్లు. డబ్బిచ్చినవాళ్లు ఏడుగురు. మొన్న రాత్రి పుస్తకం తిరగేస్తుంటే ఏడో పేరు దగ్గర ఆగాను. అక్క పేరు! మంగళవారం జట్టు అని రాసుంది, పక్కన 300 అందినట్టు బావ సంతకం.

"ఇదేందక్కా?" అన్నాను.

"ఆడొస్తనన్న. ఇంటి కాగితాలిస్తనన్ననా?" అంది. బీరువా తాళంచెవి ఆమె కొంగుకే ఉంది.